లినక్స్ వాడుకరుల సంఘాలు: తెలుగునాట కూడికల చరిత్ర, కోనసీమ అవసరం

లినక్స్ కెర్నెల్ మీద నడిచే ఆపరేటింగ్ వ్యవస్థలను వాడేవాళ్ళు, వాడాలని కుతూహలపడేవాళ్ళు ఒక ఊళ్ళోనో కాలేజీలోనో అప్పుడప్పుడూ కలుసుకునే స్వచ్ఛంద బృందాన్ని లినక్స్ వాడుకరుల సంఘం అంటారు. పొట్టిగా లగ్ అని పిలుస్తారు. గ్నూ ప్రాజెక్టు పేరునూ కలుపుకున్న బృందాలు గ్లగ్ అనిపించుకుంటాయి. చాలాచోట్ల రుసుమూ ఉండదు, హాజరుపట్టీ ఉండదు. వచ్చినవాళ్ళే సభ్యులు. ఇలాంటి సంఘాలను ఎలా నడపాలో చెబుతూ కెండల్ క్లార్క్ 1990ల చివర్లో ఒక మార్గదర్శి రాశాడు, తరువాత రిక్ మోయెన్ దాన్ని సవరిస్తూ వచ్చాడు. సంఘం చేయవలసిన పనులు అందులో నాలుగున్నాయి: ప్రచారం, బోధన, సహాయం, కలిసి కాలక్షేపం చేయడం. మొదటి మూడూ అసలు పనులనీ, నాలుగోది వాటికి తగిలించిన సరదా అనీ చాలామంది అనుకుంటారు. ఈ సంఘాల చరిత్ర చూస్తే సంగతి తిరగబడి ఉంది. ఉపన్యాసం ముగిశాక టీ తాగుతూ సాగిన మాటల్లోనే సహాయం అందింది, పాఠం బుర్రకెక్కింది, తరువాతి నెల రావాలన్న కోరిక పుట్టింది. కాలక్షేపం ఆగిపోయిన చోట మిగతా మూడూ ఎంతో కాలం నిలవలేదు. కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట వంటి ఊళ్ళకు ఇలాంటి కూడిక నగరాలకంటే ఎక్కువ అవసరమనీ, అది నిలవాలంటే కాలేజీ గోడలు దాటి ఊరి సంస్థలను ఆనుకోవాలనీ ఈ వ్యాసం వాదిస్తుంది.

కంప్యూటర్ వాడేవాళ్ళు గుమిగూడడం లినక్స్‌తో మొదలు కాలేదు. ఐబీఎం యంత్రాలు కొన్న సంస్థల నిపుణులు 1955లో షేర్ అనే సంఘం పెట్టుకుని ప్రోగ్రాములను ఒకరికొకరు పంచుకున్నారు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ యంత్రాలు వాడేవాళ్ళు 1961లో డెకస్ అనే సంఘంగా ఏర్పడ్డారు. 1975లో కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో ఒక గ్యారేజీలో మొదలైన హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బు వ్యక్తిగత కంప్యూటర్ల పరిశ్రమకు పెద్ద ఊపునిచ్చింది. ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల స్వేచ్ఛా ఆపరేటింగ్ వ్యవస్థ కోసం రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న తన కెర్నెల్ సంగతి లోకానికి చెప్పాడు. ఈ రెండూ కలిసి పూర్తి వ్యవస్థ అయ్యేసరికి దాన్ని చేతులు మార్చడమే పెద్ద పనిగా మారింది. ఫ్లాపీల కట్టలు, ఆ తరువాత సీడీలు, టెలిఫోన్ మోడెమ్ మీద రాత్రంతా నడిచే డౌన్‌లోడ్లు ఉన్న ఆ రోజుల్లో ఒక ఊళ్ళో ఒకరి దగ్గర సీడీ ఉంటే మిగతావాళ్ళు అక్కడికి వెళ్ళాల్సిందే. సంఘాలు ఆ అవసరం కొద్దీ పుట్టాయి. అవసరం తీరాక కూడా జనం రావడం మానలేదు. 1999 ఫిబ్రవరి 15న శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు సంఘాలవాళ్ళు తాము వాడని విండోస్ డబ్బులు తిరిగివ్వమని అడుగుతూ మైక్రోసాఫ్ట్ కార్యాలయానికి ఊరేగింపుగా వెళ్ళారు. సీడీల మార్పిడి కోసం కలిసినవాళ్ళు నాలుగైదేళ్ళలో వినియోగదారుల హక్కు గురించి వీధిలోకి రాగలిగారంటే, మధ్యలో వాళ్ళ మధ్య ఏర్పడిన పరిచయమే అందుకు కారణం.

భారతదేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న అందుబాటులోకి వచ్చింది. మరుసటి ఏడు పీసీ క్వెస్ట్ పత్రిక తన సంచికతో పాటు లినక్స్ సీడీ ఇచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్ళలో ఆ సీడీలు గది నుంచి గదికి తిరిగాయి. తరువాత కొద్ది ఏళ్ళలో చెన్నై, బెంగళూరు, పుణె, హైదరాబాదు నగరాల్లో సంఘాలు నిలదొక్కుకున్నాయి. చెన్నై సంఘం నెలనెలా రెండో శనివారం కలిసే అలవాటును ఏళ్ళ తరబడి కాపాడుకుంది. బెంగళూరు సంఘం 2001లో లినక్స్ బెంగళూరు అనే పెద్ద సభ నిర్వహించింది. 2005లో దాని పేరు ఫాస్ డాట్ ఇన్‌గా మారింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ భారత శాఖను 2001 జులైలో తిరువనంతపురంలో స్టాల్‌మన్ ప్రారంభించాడు. జంటనగరాల్లో లగ్ హైదరాబాదు, ట్విన్‌క్లింగ్ వంటి బృందాలు ఎక్కువగా ఉద్యోగులతో నడిచాయి. 2005లో వచ్చిన స్వేచ్ఛ సంస్థ వేరే దారి పట్టింది. తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ వ్యవస్థను తయారుచేయడం లక్ష్యంగా పెట్టుకుని, ఇంజనీరింగ్ విద్యార్థుల్ని ఆ పనిలోకి దించి, రెండు తెలుగు రాష్ట్రాల కాలేజీల్లో గ్లగ్‌లు నెలకొల్పింది. తెలుగునాట చిన్న పట్టణాల విద్యార్థికి లినక్స్ కూడిక అంటే ఏమిటో తెలిసింది ప్రధానంగా ఈ గ్లగ్‌ల వల్లనే. తరువాత 2010లో ఏర్పడ్డ భారత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమంలో స్వేచ్ఛ ముఖ్య భాగస్వామి.

తెలుగు విషయంలో ఈ కూడికలు చేసిన మేలు సాంకేతిక చరిత్రలో పెద్దగా నమోదు కాలేదు. యూనికోడ్ తొలి కూర్పులోనే, 1991లో, తెలుగు లిపికి చోటు దొరికింది. కానీ చోటు దొరకడం వేరు, తెర మీద వత్తులూ గుణింతాలూ సరిగ్గా కుదరడం వేరు. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చి డెబియన్ వంటి లినక్స్ పంపిణీల్లో, అంటే డిస్ట్రోల్లో, చేరాయి. లోహిత్ తెలుగు రెడ్‌హ్యాట్ చొరవతో వచ్చింది. గ్నోమ్, కేడీఈ డెస్క్‌టాపుల మెనూలను తెలుగు చేసిన పని మాత్రం ఎక్కువగా స్వచ్ఛందంగా వారాంతాల్లో జరిగినదే. ఇలాంటి పనిలో అసలు చిక్కు అనువాదం కాదు, ఏకీభావం. ఒకే బొత్తానికి ఒకరు ఒకలా, మరొకరు ఇంకోలా పేరు పెడితే వాడేవాడు తికమకపడతాడు. రాతలో నెలలు సాగే ఆ వాదన ఎదురెదురుగా కూర్చుంటే ఒక పూటలో తెగుతుంది. తెలుగు వికీపీడియా కూడా ఈ మాటకు సాక్ష్యం. 2003 డిసెంబరులో మొదలైన ఆ పని ఇంటర్నెట్ మీదనే నడుస్తుంది, అయినా దాని వాడుకరులు హైదరాబాదులో నెలవారీగా కలుసుకున్నారు, 2014 ఫిబ్రవరిలో దశాబ్ది ఉత్సవాన్ని విజయవాడలో జరుపుకున్నారు. ఈ-తెలుగు సంస్థ హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, వచ్చినవాళ్ళకు కంప్యూటర్లో తెలుగు రాయడం చూపించింది. పూర్తిగా తెర మీద నడవగల పనులు కూడా మనుషులు కలిశాకే ఊపందుకున్నాయి.

సంఘాల కార్యక్రమాల్లో అందరికీ పనికొచ్చేది ఇన్‌స్టాల్ ఫెస్ట్. పాత ల్యాప్‌టాప్ పట్టుకొచ్చినవాళ్ళకు అక్కడికక్కడే లినక్స్ ఎక్కించి ఇస్తారు. చెబితే చిన్న పనే, దగ్గరగా చూస్తే ఎక్కడెక్కడ తప్పటడుగు పడవచ్చో తెలుస్తుంది. అనుభవం ఉన్న మనిషి పెన్‌డ్రైవ్ చేతికి తీసుకునే ముందు మూడు ప్రశ్నలు అడుగుతాడు. ఫొటోలూ ఫైళ్ళూ వేరే డిస్కులోకి కాపీ చేశారా? విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీ మీ దగ్గరుందా? ఫాస్ట్ స్టార్టప్ ఆపారా? రెండో ప్రశ్న అడగకుండా సెక్యూర్ బూట్ కదిపితే యంత్రం ఆ కీ ఇమ్మని మొరాయిస్తుంది, యజమాని ఎన్నడూ చూడని నలభై ఎనిమిది అంకెలు అవి. మూడోది మరిచిపోతే విండోస్ భాగం లినక్స్‌లో చదవడానికి తప్ప రాయడానికి వీలుకాకుండా కనిపించవచ్చు. ఆ తరువాత లైవ్‌లో, అంటే డిస్కులోకి ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచే, నడిపి చూస్తారు. శబ్దం వస్తోందా, కెమెరా పనిచేస్తోందా, వై-ఫై కనిపిస్తోందా? బ్రాడ్‌కామ్ చిప్ ఉన్న పాత ల్యాప్‌టాపుల్లో వై-ఫై తరచూ కనిపించదు. దానికి కావలసిన ఫర్మ్‌వేర్ ఇంటర్నెట్‌లో ఉంటుంది, ఇంటర్నెట్ కావాలంటే ఆ ఫర్మ్‌వేర్ ఉండాలి. పక్కనున్నవాళ్ళలో ఒకరు తమ ఫోన్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తారు, ముడి విడిపోతుంది. చివర్లో తెలుగు కీబోర్డు పెట్టి, యజమాని చేత తన పేరు తెలుగులో టైపు చేయిస్తారు. ఇందులో ప్రతి మెట్టూ ఎక్కడో ఒకచోట రాసే ఉంది. ఏ మెట్టు దగ్గర ఏది అడగాలన్న వరస మాత్రం పది యంత్రాలు విప్పి చూసినవాళ్ళ దగ్గరే దొరుకుతుంది.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. ఇప్పుడు యూట్యూబ్‌లో తెలుగు వీడియోలున్నాయి, వాట్సాప్, టెలిగ్రామ్ బృందాలున్నాయి, అడిగిందే తడవుగా జవాబిచ్చే కృత్రిమ మేధ ఉంది. ఇక నలుగురు ఒకచోట కూర్చోవలసిన పనేముంది? ఈ మాటను తేలిగ్గా కొట్టేయకూడదు. ఫాస్ డాట్ ఇన్ 2012 తరువాత జరగలేదు. ప్రపంచంలోని ఎన్నో నగర సంఘాలు అదే కాలంలో పలచబడ్డాయి. అయితే నగరాల్లో సంఘం పలచబడితే ఆ జ్ఞానం గాలిలో కలిసిపోలేదు. అది కంపెనీల్లోకి, వాటి శిక్షణ గదుల్లోకి, క్లౌడ్ పేరుతో జరిగే సభల్లోకి వెళ్ళింది. హైదరాబాదు మాదాపూర్‌లో పనిచేసే యువకుడికి పక్క కుర్చీలోనే లినక్స్ తెలిసినవాడున్నాడు, సంఘం లేకపోయినా అతనికి లోటు తెలియదు. రాజోలులో డిగ్రీ చదివే అమ్మాయికి ఆ పక్క కుర్చీ ఖాళీ. వీడియో చూసి నేర్చుకోవాలంటే ముందు తనకేం కావాలో తెలియాలి, యంత్రం చూపిన తప్పును మాటల్లో పెట్టగలగాలి. కొత్తగా వచ్చినవారికి ఆ రెండూ రావు. నల్లటి తెర మీద ఆగిపోయిన కంప్యూటర్ గురించి ‘పనిచేయట్లేదు’ అన్న ఒక్క మాటే వాళ్ళ దగ్గరుంటుంది. ఎదురుగా కూర్చున్న మనిషి ఆ మాట విన్నాక తెర చూస్తాడు. ముందు చూపు, తరువాత ప్రశ్న, ఆ పైన జవాబు: దూరం నుంచి అందే ఏ సహాయంలోనూ ఈ క్రమం లేదు.

చిన్న ఊళ్ళలో సంఘం నడవదన్న అనుమానానికి అనుభవమే జవాబు. పశ్చిమ బెంగాల్‌లోని దుర్గాపూర్ ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన పారిశ్రామిక పట్టణం. అక్కడి లినక్స్ సంఘం 2008 నుంచి ఏటా వేసవిలో ఐఆర్‌సీ అనే ఆన్‌లైన్ చాట్ వేదిక మీద శిక్షణ ఇస్తూ దేశమంతటి విద్యార్థులను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లోకి పంపింది. తమిళనాడులో కాంచీపురం సంఘం తమిళంలోనే మాట్లాడుకుంటూ తమిళ కంప్యూటింగ్‌కు పనిచేసేవాళ్ళను తయారుచేసుకుంది. విళుప్పురం గ్లగ్ ఇంకో అడుగు ముందుకేసి పల్లెల విద్యార్థులకు శిక్షణ ఇవ్వడాన్నే తన ముఖ్య కార్యక్రమంగా మలచుకుంది. విళుప్పురం పెద్ద ఐటీ కేంద్రమేమీ కాదు, చుట్టూ పొలాలున్న జిల్లా కేంద్రం. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఒక విషయం కనిపిస్తుంది. పెద్ద సభల మీద, పేరున్న వక్తల మీద ఇవి ఆధారపడలేదు. స్థానిక భాషలోనో ఐఆర్‌సీ మీదో, తమకు వీలైన దారిలో కలుస్తూ పోయాయి.

కోనసీమ ఈ పట్టికలో చేరదగిన ప్రాంతమే, అయితే దాని స్థితి ప్రత్యేకం. గౌతమీ, వశిష్ఠా పాయల నడుమ, మధ్యలో వైనతేయ చీల్చుకుపోయిన ఈ దీవికి ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళూ కాలవలూ వచ్చి నూటడెబ్బై ఏళ్ళు దాటింది, రైలు మాత్రం రాలేదు. యానాం పక్కన ఎదుర్లంక వంతెన 2002లో తెరుచుకునేదాకా అటువైపు ప్రయాణం పంటు మీదే. కొబ్బరి, వరి, చేపల చెరువులు బతుకుదెరువు చూపిస్తాయి. చదువుకున్నవాళ్ళు మాత్రం హైదరాబాదుకో బెంగళూరుకో, ఇంకొందరు గల్ఫ్‌కో అమెరికాకో వెళ్ళిపోతారు. ఓడలరేవులో 1997 నుంచి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, చెయ్యేరులో మరొకటి ఉంది. ల్యాబుల్లో యునిక్స్, లినక్స్ కమాండ్లు పాఠంగా నేర్పుతారు. పరీక్ష రాసిన పిల్లవాడు ఇంటికొచ్చి మళ్ళీ విండోసే తెరుస్తాడు. లినక్స్ ఈ గడ్డకు కొత్తది కాదన్న మాట కూడా గుర్తుంచుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది లినక్స్ కెర్నెలే. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ పంచిన ఐదు లక్షలకు పైగా ట్యాబుల్లో ఉన్నదీ అదే. సుప్రీంకోర్టు ఈ-కమిటీ కోర్టు కంప్యూటర్లకు లినక్స్ రకమైన ఉబుంటును ఎంచుకుంది. జేబులోనూ కోర్టులోనూ ఉన్న వ్యవస్థ గురించి అడిగి తెలుసుకోవడానికి మాత్రం ఊళ్ళో ఒక చోటు ఉండాలి. సంఘం అంటే ఆ చోటే.

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది, దాన్ని లేవనెత్తేది బతుకుతెరువు ఉన్నవాళ్ళు. అమలాపురంలో డీటీపీ సెంటరు నడిపేవారికి అను స్క్రిప్ట్ ఫాంట్లు, పేజ్‌మేకర్ లేనిదే రోజు గడవదు. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు అన్నీ వాటితోనే. కొబ్బరి వర్తకుల లెక్కలు చూసేవారికి ట్యాలీ కావాలి. ఇవి విండోస్ మీద నడిచేవి. లినక్స్ ఎక్కించి వాళ్ళ పని ఆపేస్తే సంఘం మేలు చేసినట్టు కాదు. ఈ వాదనలో నిజం చాలా ఉంది. తెలుగు వంటి లిపులను సరిగ్గా కూర్చే శక్తి స్వేచ్ఛా పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ స్థిర కూర్పులోకి 2024లో 1.6తో గాని రాలేదు. అంతవరకు లినక్స్ మీద తెలుగు ముద్రణ చేయమని ప్రెస్సువాళ్ళకు చెప్పినవారు తొందరపడ్డట్టే. అయినా అసలు నష్టం ఎక్కడుందో చూడాలి. అను వంటి పాత పద్ధతి ఫాంట్లలో టైపు చేసిన తెలుగు కంప్యూటర్‌కు తెలుగుగా తెలియదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారంతే. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి, గూగుల్‌లో వెతికితే దొరకదు. ఒక ఊరి దేవాలయ చరిత్ర, ఒక కవి శతకం, ఒక పంచాయతీ తీర్మానం అలా ఏళ్ళ తరబడి మూగగా పడి ఉంటాయి. సంఘం డీటీపీ సెంటరు చేత విండోస్ మాన్పించనక్కరలేదు. వాళ్ళ పాత ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చడం చూపించాలి. మల్లన్న, మండలి, గిడుగు, సురవరం, పెద్దన వంటి స్వేచ్ఛా లైసెన్సు ఫాంట్లు చేతికిచ్చి ఒక కరపత్రం వాటితో కూర్పించాలి. ఆ పని విండోస్ మీద జరిగినా సంఘం పనే.

ఇటీవలి సంఘటన ఒకటి ఇన్‌స్టాల్ ఫెస్టుకు కొత్త ప్రాణం పోసింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 చిప్ లేని, లేదా ప్రాసెసర్ పాతదైన యంత్రాలు విండోస్ 11కు అర్హం కావు. ఇలాంటి కంప్యూటర్లు నగరాల్లో తక్కువ, సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాపులు కొనే చోట ఎక్కువ. ఆ యంత్రాలు పాడవలేదు, వాటిని వదిలేశారంతే. అమ్‌స్టర్‌డామ్‌లో 2009లో మొదలైన రిపేర్ కేఫ్ పద్ధతి, అంటే పాడైన వస్తువు పట్టుకొచ్చి తెలిసినవాళ్ళ పక్కన కూర్చుని బాగుచేసుకోవడం, ఇప్పుడు యూరప్ లినక్స్ సంఘాలతో కలిసి ఈ ల్యాప్‌టాపుల మీదికి మళ్ళింది. పాత సైకిలు, పాత మిక్సీ బాగుచేయించుకుని వాడే ఊళ్ళకు ఈ ఆలోచన ఎవరూ నేర్పనక్కరలేదు. ల్యాప్‌టాప్‌కు కూడా అది వర్తిస్తుందని చూపించేవాళ్ళు కావాలి.

కాలేజీ గ్లగ్‌ల బలహీనత వాటి పుట్టుకలోనే ఉంది. చురుకైన విద్యార్థులు మూడో ఏట సంఘం నడుపుతారు, నాలుగో ఏట ప్లేస్‌మెంట్ల గొడవలో పడతారు, ఆపైన ఊరు వదులుతారు. వాళ్ళతో పాస్‌వర్డులూ పరిచయాలూ ఉత్సాహమూ వెళ్ళిపోతాయి. తరువాతి బ్యాచి మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతుంది, లేదా మొదలుపెట్టదు. ఒక విద్యార్థి లోపంగా దీన్ని చూడకూడదు, నాలుగేళ్ళ కోర్సుకు కట్టిన ఏ సంఘానికైనా ఇదే గతి. అందుకే సంఘం ఆనుకోవలసింది ఊరు వదలనివాళ్ళను: పాలిటెక్నిక్ అధ్యాపకులు, హైస్కూలు లెక్కల మాస్టార్లు, కంప్యూటర్ రిపేరు షాపులవాళ్ళు, కోర్టు గుమాస్తాలు, రిటైరైన బ్యాంకు ఉద్యోగులు. చోటు విషయానికొస్తే శాఖా గ్రంథాలయాన్ని మించింది లేదు. తెలుగువాళ్ళకు ఈ తోవ తెలియనిది కాదు. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి పూనికతో 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. పుస్తకం కొనలేనివాళ్ళ దగ్గరికి పుస్తకం చేర్చాలన్న పట్టుదల కృష్ణా డెల్టాలో 1935లో పడవ మీద గ్రంథాలయం నడిపే దాకా వెళ్ళింది. ఆ ఉద్యమం పుస్తకాలు పంచిపెట్టి ఊరుకోలేదు. చదువు రాని వాళ్ళకు చదివి వినిపించింది, సభలు పెట్టింది, నలుగురు కూర్చునే అరుగు ఇచ్చింది. గ్రంథాలయాలకు శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచే ఉంటాయి. పిల్లలకూ ఉద్యోగులకూ వీలైన రోజున ప్రజల సెస్సుతో నడిచే గది తలుపు తీసి ఉంటుందన్నమాట. కేరళ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ఐటీ ఎట్ స్కూల్ పథకం కింద అక్కడి ప్రభుత్వ పాఠశాలలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారి నిలవడానికి కారణం ఏళ్ళ తరబడి అదే జిల్లాలో ఉండే ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం. అక్కడి విద్యార్థులు మారుతూ పోయారు, మాస్టారు మాత్రం ఉండిపోయారు.

అమలాపురం, రాజోలు, కొత్తపేట మూడు ఊళ్ళకు మూడు సంఘాలు కావాలా, ఒకటి చాలా అన్న ప్రశ్నకు కోనసీమలోనే ఒక నమూనా ఉంది. కనుమ నాడు మొసలపల్లి జగ్గన్నతోటకు పదకొండు గ్రామాల రుద్రులు ప్రభల మీద వస్తారు. ఏ ఊరి ప్రభను ఆ ఊరే కట్టుకుంటుంది, తన అలంకారం తనది, గంగలకుర్రు వైపు ప్రభలైతే కౌశిక కాలువ నీళ్ళలో దిగి మరీ దాటుతాయి. ఏడాదికొకసారి అన్నీ ఒకే తోటలో నిలబడతాయి. లినక్స్ లోకమూ ఇలాగే నడిచింది. డెబియన్, ఫెడోరా, మింట్ వేరువేరు బృందాల చేతుల్లో వేరువేరుగా తయారై, ఒకే కెర్నెల్ దగ్గర కలుస్తాయి. రాజోలు నుంచి అమలాపురం రావాలంటే వైనతేయ దాటాలి, కొత్తపేట వాళ్ళకు రావులపాలెం దగ్గర. ప్రతి నెలా అందరూ ఒకే ఊరు రమ్మంటే రెండో నెలకే సగం మంది తగ్గుతారు. ఏ ఊళ్ళో ఆ ఊరివాళ్ళు నెలకొకసారి కలుసుకుని, సెప్టెంబరు మూడో శనివారం వచ్చే సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా దినం నాడు అందరూ ఒకచోట ఇన్‌స్టాల్ ఫెస్ట్ పెట్టుకుంటే పని సులువు.

ఈ కూడికలు మగవాళ్ళ కూడికలుగా మిగిలిపోయాయన్న విమర్శ ప్రపంచమంతటా ఉంది, అది న్యాయమైనదే. దానికి స్పందనగానే 1990ల చివర్లో లినక్స్‌చిక్స్ అనే మహిళల బృందం పుట్టింది. కోనసీమ ఇంజనీరింగ్ తరగతుల్లో అమ్మాయిలకు కొదవ లేదు. వాళ్ళు సంఘానికి రాకపోతే తప్పు సమయానిదీ స్థలానిదీ. సాయంత్రం ఏడు గంటలకు ఎవరి గదిలోనో సమావేశం పెట్టి, కాలేజీ బస్సు అయిదింటికే వెళ్ళిపోయే అమ్మాయి రాలేదని అనడం అన్యాయం. ఉదయం పదికి గ్రంథాలయంలో పెట్టి, మధ్యాహ్నం ఒంటిగంటకు ముగిస్తే తల్లిదండ్రులకు అభ్యంతరం ఉండదు. ముఖ్యంగా, అనుభవం ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళ చేతిలోంచి కీబోర్డు లాక్కోకూడదు. చూపించాలన్న ఆత్రంలో చాలామంది చేసే పొరపాటు ఇదే, తొలిసారి వచ్చిన ఆడపిల్ల రెండోసారి రాకపోవడానికి ఇదొక్కటి చాలు.

నెట్ ఉంటే చాలన్నవాళ్ళకు కోనసీమే రెండుసార్లు జవాబు చెప్పింది. 1996 నవంబరు 6 తుపాను కరెంటు స్తంభాలనూ కొబ్బరిచెట్లనూ కలిపి పడగొట్టింది. 2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల తరువాత ఇంటర్నెట్‌ను రోజుల తరబడి నిలిపివేశారు. కోవిడ్ తరువాత ఇంటి నుంచి పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నలు వెతుక్కుంటూ జిల్లా అంచుల దాకా వెళ్ళాల్సి వచ్చింది. డిస్ట్రోల ప్యాకేజీలు, నెట్ లేకుండా చదివించే కివిక్స్‌లో తెలుగు వికీపీడియా పూర్తి ప్రతి, పాఠ్యపుస్తకాలు ఒక చిన్న కంప్యూటర్లో పెట్టి రౌటర్ ద్వారా గదిలో అందరికీ అందించడం లినక్స్ తెలిసినవాళ్ళకు ఒక పూట పని. నెట్ ఉన్న రోజుల్లో అది డేటా ఆదా చేస్తుంది, లేని రోజుల్లో అదే నెట్.

సంఘం రాజకీయం మాట్లాడాలా వద్దా అన్న తగువు లినక్స్ లోకంలో పాతదే. స్టాల్‌మన్ వైపువాళ్ళు స్వేచ్ఛ అంటారు, ఇంకొందరు పని జరిగితే చాలంటారు. స్వేచ్ఛ సంస్థ మొదటి పక్షానిది, నగరాల ఉద్యోగుల సంఘాలు ఎక్కువగా రెండో పక్షానివి. చిన్న ఊళ్ళో ఈ తగువు గడప దగ్గరే పెట్టుకుంటే వచ్చేవాళ్ళు వెనక్కి పోతారు, పూర్తిగా మానేస్తే లినక్స్ కేవలం ఉచితంగా దొరికే సరుకైపోతుంది. ల్యాప్‌టాప్ బాగుపడ్డాక, టీ చేతికొచ్చాక, ‘ఇది ఎవరు చేశారు, ఊరికే ఎందుకిచ్చారు’ అని కొత్తవాళ్ళే అడుగుతారు. అప్పుడు చెప్పడమే సరైన వరస. రిజిస్ట్రేషన్ గురించి కూడా ముందే తలబద్దలు కొట్టుకోనక్కరలేదు. ప్రొజెక్టరు, రౌటరు, స్విచ్‌బోర్డులు వంటి ఉమ్మడి ఆస్తి ఏర్పడి, అది ఎవరింట్లో ఉండాలన్న ప్రశ్న వచ్చిన నాడు 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కలిసి సంతకాలు పెడితే సరిపోతుంది. ఆ ఏడుగురిలో కనీసం నలుగురు వచ్చే పదేళ్ళూ ఊళ్ళోనే ఉండేవాళ్ళయి ఉండాలి.